గుమ్మం ముందు బూట్లు

పోలీసులు బడి గేటుకు గొలుసు చుట్టి తాళం వేస్తుంటే కొసొవోలోని ప్రిష్టినాలో ఆ వీధి వీధంతా కిటికీల్లోంచి చూసింది. పిల్లలు మంచులో నిలబడి చూశారు. ఇకనుంచి పిల్లల సొంత భాష అల్బేనియన్‌లో పాఠం చెప్తే నేరం. నెజ్మెదిన్ ఉద్యోగం అంతకుముందే ఊడింది. కరెంటాఫీసు గుమస్తా. అయినా రోజూ పొద్దున్నే టై కట్టుకుని సోఫాలో కూర్చునేవాడు. ఎవరైనా మళ్ళీ రమ్మంటే ఆలస్యం కాకూడదు కదా.

కొసొవో స్వతంత్ర దేశమని అల్బేనియన్ మాట్లాడే మనవాళ్ళు అప్పటికే ప్రకటించేశారు. ప్రపంచం విననట్టు ఊరుకుంది. ప్రస్తుతానికి ఆ దేశం నెజ్మెదిన్ ఇంట్లో అతిథుల గదంత ఉంది. బడి అక్కడ పెడదామన్నారు. గొడవ బూట్ల దగ్గర మొదలైంది.

"బూట్లు లోపల పెట్టిద్దాం. గుమ్మం ముందు కుప్ప కనిపిస్తే పట్టేస్తారు," అన్నాడు బెద్రి మాష్టారు.

"నా పెళ్ళినాటి తివాచీ మీదకి బురద బూట్లా?" నెజ్మెదిన్ లేచి నిలబడ్డాడు. "జైలుకి పొమ్మనండి, పోతా. ఇది మాత్రం కుదరదు మాష్టారూ."

"సంచుల్లో పెట్టుకుంటారులెండి."

"సంచీకి చిల్లుంటే?"

"ఈయన దేశాన్నైనా వదులుకుంటాడు గానీ తివాచీని వదలడు," అంది భార్య హ్యూరియే.

అందరూ నవ్వారు. నవ్వి, బూట్లు బయటే ఉండాలని తీర్మానించారు. విప్లవం వేరు, మర్యాద వేరు. పైగా హ్యూరియే, పిల్లలు వెళ్ళేటప్పుడు తొడుక్కోవడానికి వీలుగా ముక్కులు వీధివైపు తిప్పి వరసగా సర్దేది. వచ్చిన అతిథులకి ఆమాత్రం చెయ్యకపోతే ఎలా?

ఆ వరస చూసే జీపు ఆగింది.

"ఇంట్లో ఎంతమంది?" అడిగాడు పోలీసు.

"నేనూ, నా భార్యా."

"మీ ఇద్దరికీ ఇన్ని కాళ్ళా?"

నెజ్మెదిన్ టై సర్దుకున్నాడు. లోపల్నించి బెద్రి మాష్టారే బయటికొచ్చాడు. "పిల్లల జోలికి పోకండి. నన్ను తీసుకెళ్ళండి."

తీసుకెళ్ళారు. పోలీసు బూట్లు తివాచీ మీద ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాయి. పిల్లల బూట్లన్నీ జీపులోకెక్కాయి. పిల్లలు మేజోళ్ళతో మంచులో ఇళ్ళకి నడిచారు.

కొన్నాళ్ళకి మాష్టారు పెట్టెలో తిరిగొచ్చాడు. గుండె ఆగిందన్నారు. మూత తియ్యొద్దన్నారు.

పాతిపెట్టాక జనం రొట్టెల కొట్లో చేరారు.

"అయిపోయింది. ఇక ఊరొదిలి జర్మనీ బస్సెక్కడమే," అన్నాడు కొట్టు జెవ్దెత్.

"నావల్లే," అన్నాడు నెజ్మెదిన్.

"అవును బాబాయ్, నీవల్లే," అంది వియోసా. మాష్టారి దగ్గర పెద్ద క్లాసు చదివిన పిల్ల. "ఏడుస్తావా, పనికొస్తావా?"

"ఇప్పటికైనా బూట్లు లోపల పెట్టిద్దామా?" అన్నాడు నెజ్మెదిన్.

అంత జరిగినా ఆ మాట ఎవరికీ మింగుడు పడలేదు.

"మనవల్ల కాదుగా," అంది వియోసా. "అయితే ప్రతి గుమ్మం ముందూ పెడదాం. బడి ఏ ఇంట్లోనో పోలీసుల్ని వెతుక్కోనీ."

మర్నాడు పొద్దున వీధిలో ప్రతి ఇంటి ముందూ బూట్లు. పాతవి, పిల్లలవి, చచ్చిపోయినవాళ్ళవి. జెవ్దెత్ పిండి అంటిన బూట్లు ముసలి హాఫిజె గుమ్మం ముందు. బెద్రి మాష్టారి బూట్లు వాళ్ళావిడే తెచ్చి ఓ గుమ్మం ముందు పెట్టింది. అన్నిటి ముక్కులూ వీధివైపే. సర్దింది హ్యూరియే.

జీపులొచ్చాయి. తలుపులు విరిగాయి. ఒక ఇంట్లో వంటింటి పొయ్యిలో మంట తప్ప ఎవరూ లేరు. ఇంకో ఇంట్లో హాఫిజె ఒక్కతే టీ తాగుతోంది. "అతిథులొస్తారని ఎదురుచూస్తున్నా నాయనా, కూర్చో," అందట. ఆమెనీ లాక్కొచ్చారు. దొరికిన మగవాళ్ళందర్నీ గోడవైపు తిప్పి నిలబెట్టారు. దెబ్బలకి లెక్కలేదు. ఇలా చేస్తే గెలుస్తామని ఆ వీధిలో ఎవరూ అనుకోలేదు. నెజ్మెదిన్ అసలే అనుకోలేదు.

అతన్ని జీపు దగ్గరికి ఈడ్చారు. టై ఉంది. కాళ్ళకి మేజోళ్ళే.

"నీ బూట్లేవిరా?"

నెజ్మెదిన్ వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు. ఇంకా తలుపు విరగని ఏదో ఇంట్లోంచి, వియోసా చెప్తుంటే పిల్లలు పాఠం వల్లించడం సన్నగా వినిపిస్తోంది.

"వెతుక్కోండి," అన్నాడు.