కడుపు నిండిన డేగ

పదేళ్లు యజమాని కోసం వేటాడిన డేగను కొండమీద వదిలేయాలి. అది దాని హక్కు, ఎవడి దయా కాదు. ముసలి బోకెన్ తనకు మిగిలిన ఒక్క గొర్రెను కోసి దానికి కడుపునిండా పెట్టాడు, కాళ్లకు కట్టిన తోలు పట్టీలు తెంచి ఎగరేశాడు. అది మంచుగాలిలో తేలిపోయి అవతలి శిఖరం మీద వాలింది.

విదేశీ ఫోటోగ్రాఫర్లను తెచ్చే అల్లుడు మర్దాన్ ఒకాయన్ని వెంటబెట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

"మామా, చలికి ఈయన కెమెరా బిగుసుకుపోయిందట. ఇంకొక్కసారి పిలువు."

"ఫోటో రాలేదని పాతిపెట్టిన శవాన్ని లేపుతావా అల్లుడూ?"

"వెక్కిరింతలు తర్వాత. ఈయన ఉత్త చేతులతో పోతే ఇక ఎవడూ రాడు. ఏం తింటాం?"

నిరుటి చలికి మందంతా చచ్చింది. బోకెన్ శిఖరం వైపు తిరిగాడు. కడుపు నిండిన డేగ పిలిస్తే రాదు, ఆ ధైర్యంతోనే గొంతెత్తి పిలిచాడు.

అది వచ్చింది. ఆకలి లేకపోయినా వచ్చి అతని చేతిమీద వాలింది. కెమెరా ఇంకా పనిచేయలేదు.

"రేపు తీస్తాడట మామా."

బోకెన్ డేగ కళ్ళకు కట్టే తోలు టోపీ జేబులోంచి తీశాడు. తొడగబోయేలోపే అది తనంతట తానే తల వంచి అందులో దూర్చింది.