పక్క సీటు

"అమ్మా, నువ్వు ముందు కూర్చో. రేపు కొన్నాక ఎలాగూ అది నీ సీటే," అన్నాడు భర్త, కారంతా తానే తయారుచేసినంత ధీమాగా తలుపు తీసి పట్టుకుని.

తయారుచేసిన వాళ్ళలో ఒకామె, ఆయన భార్య, వెనకాలే అత్తగారి చేతిసంచీ, మంచినీళ్ళ సీసా, ఆయన కళ్ళజోడు మోసుకుంటూ నిలబడి ఉంది. ఇంకా బజారులోకి రాని కారులో ఉద్యోగుల ఇంటివాళ్ళను కూర్చోబెట్టి, ఎలా ఉందో అడగడం ఆ కంపెనీలో ఆనవాయితీ. ఇంటివాళ్ళు మొహమాటానికి బాగుందనే అంటారు. ఆ మాటలే తర్వాత ప్రకటనల్లోకి వెళతాయి.

అత్తగారు బెల్టు పెట్టుకుంది. అది భుజం మీదుగా రాకుండా సరాసరి గొంతును ఒరుసుకుంటూ దిగింది. ఆవిడ అటూ ఇటూ సర్దుకుని, ఇక లాభం లేదని చంక కిందకు తోసేసింది.

"అలా పెట్టుకోకూడదు అత్తయ్యా."

"ఏం చెయ్యనే, నా మెడే పొట్టిది. కారుదేం తప్పు?"

ఆవిడ ఎప్పుడూ అంతే. కొడుకు గీయించిన ఇంటి ప్లానులో వంటగట్టు ఎత్తయిపోతే, పీటెక్కి వండుతూ తన పొట్టితనాన్నే తిట్టుకుంటుంది. పిల్లకు జ్వరమొస్తే పొద్దస్తమానం ఒళ్ళో వేసుకుని, నడుం పట్టేసిందని చెప్పడానికి సిగ్గుపడుతుంది.

మొన్న పిల్లకు అలా జ్వరమొచ్చిన రోజే కోడలి కంపెనీలో ఈ కారు మీద మీటింగు. బెల్టును పైకీ కిందకీ జరుపుకునే మీట డ్రైవరు వైపు ఉంచి, పక్క సీటుకు తీసేద్దామన్నారు. మిగిలిన డబ్బుతో, కళ్ళలో ఎండ పడకుండా దించుకునే ఎండతెరలో లైటున్న అద్దం పెడితే ఆడవాళ్ళు మురిసిపోతారన్నాడు మార్కెటింగ్ ఆయన. "గదిలో ఆడమనిషి మీరొక్కరే. మీరు సరేనంటే ఆడవాళ్ళందరూ సరేనన్నట్టే," అని నవ్వాడు. పొట్టివాళ్ళకు బెల్టు ఎక్కడ కోస్తుందో, చంక కింద పెట్టుకుంటే గుద్దుకున్నప్పుడు పక్కటెముకలు ఏమవుతాయో ఆ గదిలో అందరికన్నా ఆమెకే బాగా తెలుసు. బల్ల కింద ఫోను అదిరింది. 'నువ్వు లేకపోతే కారు తయారవదా? పిల్ల నిన్నే కలవరిస్తోంది,' అని భర్త. వాదిస్తే ఇంకో గంట. సరేనంది. పరుగున ఇల్లు చేరితే, "తగ్గిందిలే తల్లీ, నువ్వు ముందు తిను," అని అత్తగారే కంచం పెట్టింది.

ఇప్పుడు ఆమె అత్తగారి చంక కిందకు పోయిన బెల్టునే చూస్తోంది. సోమవారం సంతకాలైతే కారు భాగాలకు అచ్చులు పోస్తారు. ఆ తర్వాత ఎవరు మొత్తుకున్నా ఈ సీటుకు మీట రాదు. ఇలాంటి మెడలు ఎన్ని ఇళ్ళల్లో ఉన్నాయో.

మార్కెటింగ్ ఆయన కెమెరా మనిషిని వెంటేసుకుని వచ్చాడు. "ఎలా ఉందమ్మా మన కారు?"

"చాలా బాగుంది బాబూ. అద్దంలో లైటు కూడా పెట్టారు. ఈ వయసులో నా మొహానికి ఆ లైటొక్కటే తక్కువైంది."

అందరూ నవ్వారు. "ఈ ముక్కే ప్రకటనలో వేద్దాం. ఆ అద్దానికి మీ కోడలే ఓటేసింది తెలుసా?" అన్నాడాయన.

"అంతా మా ఆవిడ చలవే," అన్నాడు భర్త. పదేళ్ళ ఉద్యోగంలో ఆయన ఆమెను మెచ్చుకోవడం అదే మొదలు. నోరు మూసుకుంటే ఆ మెప్పు మిగులుతుంది.

ఆమె వంగి, అత్తగారి చంక కింద నుంచి బెల్టు లాగి, పెట్టుకోవలసిన తీరులో పైకి తెచ్చింది; అది మళ్ళీ గొంతు మీదకే దిగింది. ఆవిడ ఉక్కిరిబిక్కిరై తల పక్కకు తిప్పుకుంది.

"కెమెరా ఆపకండి," అంది కోడలు. "మీ మెడ సరిగ్గానే ఉంది అత్తయ్యా. మీ సీటుకి మీట అక్కర్లేదని ఒప్పుకున్నది నేనే."