అరువు కరెంటు

చొక్కా వీపు సగం అయ్యేసరికి ఇస్త్రీపెట్టె చల్లబడిపోయింది. ముందు ఆమెకు తెలియలేదు. ఎంత రుద్దినా ముడత మొండికేస్తుంటే, "నీకేం వచ్చిందే ఇవాళ?" అని పెట్టెనే తిట్టింది. తీరా తలెత్తి చూస్తే లైటు లేదు, ఫ్యాను ఆఖరి చుట్టు తిరుగుతోంది. హాల్లో మాత్రం టీవీ నిక్షేపంగా మోగుతోంది.

"ఏమండీ, కరెంటు పోయింది" అంది వెనకగదిలోంచి.

"పోలేదే! ఇక్కడుందిగా" అన్నాడు భర్త, ఆట మీదనుంచి కళ్ళు తిప్పకుండా.

ఆయన కుర్చీ దగ్గర ఏదుంటే అది లోకమంతా ఉన్నట్టే. ఆయనకు ఆకలేస్తే ఇంట్లో అందరికీ ఆకలేసినట్టు, ఆయనకు చలి లేకపోతే ఇంకెవరికీ కిటికీ వెయ్యక్కర్లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమెకిది కొత్త కాదు.

"వెనకగదిలో పోయిందండీ."

"ఓస్, ఆ గదిలోనేనా! మరీ మంచిది. ఆదివారం అబ్బాయి సామాను వచ్చి పడుతుందిగా. అట్టపెట్టెలకు ఫ్యానెందుకు, లైటెందుకు? ఆ చొక్కా ఇటు తెచ్చి చేసుకో."

అబ్బాయి ఇల్లు మారుతున్నాడు. కొత్త ఇంట్లో పట్టనివన్నీ వెనకగదిలో పడేద్దామని తండ్రీ కొడుకులు ఫోన్లోనే అనేసుకున్నారు. ఆ మాట ఆమె చెవిన పడిందే తప్ప, ఆమెను అడిగినవాళ్ళు లేరు.

ఆ గది ఆమెకు కావాలి. ఎందుకో ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు. పెళ్ళికి ముందు నుంచీ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో తనతో పనిచేసిన స్నేహితురాలు మొన్న ఫోన్ చేసింది. ఆవిడ గొంతు విని అప్పట్లో అందరూ పెట్టిన పేరు ఉరుము. పేరు పెట్టినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో గానీ, ఉరుము ఇప్పటికీ ఉరుమే. "ఒసేయ్ పిట్టా! ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు ఫోన్ చేస్తారు, మనం మాట్లాడాలి, అంతే. రోజూ మధ్యాహ్నం. జీతం కూడా ఇస్తారే! తలుపేసుకునే గదీ, ఫోను చచ్చిపోకుండా కరెంటూ ఉంటే చాలట. సోమవారం నుంచి. కాదన్నావో, మీ ఇంటికొచ్చి అరుస్తా!" ఆమె కాదనలేదు. అవుననీ అనలేదు. ఈ సాయంత్రానికల్లా ఏదో ఒకటి తేల్చాలి. తేల్చాలంటే గది ఉండాలి, గదిలో కరెంటు ఉండాలి. ఇప్పుడు చూస్తే రెండింటికీ ఎసరొచ్చింది.

పిట్ట! అలా పిలిపించుకుని ఎన్నాళ్ళయిందో. ఇంట్లో ఆమె అమ్మ, వదిన, పిన్ని, లేదా 'ఏమోయ్'. పిట్ట అక్కడుండేది, ఆ పొడుగాటి గదిలో. గోడ వెంట బోర్డులు, బోర్డుల ముందు ఎత్తు కుర్చీలు, కుర్చీల్లో వరసగా అమ్మాయిలు. హెడ్‌ఫోను నొక్కి నొక్కి చెవులు ఎర్రబడేవి. ఎదురుగా చిన్న దీపం వెలిగితే ఎవరో పిలుస్తున్నట్టు. వైరు తీసి కన్నంలో గుచ్చి, "నంబరు చెప్పండి" అనడమే. ఆ ఒక్క మాట అనడానికి ఎంత ముస్తాబయ్యేదో, చూసేవాళ్ళెవరూ లేకపోయినా సరే! ఆస్పత్రి నుంచి ఇంటికి ఫోన్ చేసుకునే డాక్టరొకాయన "ఆ పిట్టగొంతు అమ్మాయి లేదా? ఆవిడైతే చిటికెలో కలుపుతుంది" అనేవాడు. పేరు అలా అతుక్కుంది. పని తగ్గినప్పుడు గుసగుసలు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వులు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి టీ గ్లాసులు. ఆమె బోర్డు దగ్గర్నుంచి లేస్తే సగం ఊరు మూగబోయేది మరి!

ఆ ఉద్యోగం మానెయ్యమని ఎవరూ అనలేదు. అదే కదా గొప్ప! "ఊళ్ళో అందరూ పిలిస్తే పలుకుతుంది మా కోడలు, నేను పిలిస్తేనే పలకదు" అనేది అత్తగారు, వచ్చినవాళ్ళ ముందు నవ్వుతూ. "నీ ఇష్టం. నీ జీతం లేకపోతే పస్తులుంటామా ఏంటి? పిల్లాడి గురించే నా బాధంతా" అనేవాడు భర్త. వాడు ఆయనకూ పిల్లాడేనన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు, ఆమెకు కూడా. నీ ఇష్టం, నీ ఇష్టం అంటూనే రాజీనామా రాయించారు.

ఆ అత్తగారే చివర్లో ఈ వెనకగదిలో మంచాన పడింది. ఎత్తడం, దించడం, ఒళ్ళు తుడవడం, దుప్పట్లు మార్చడం, అన్నీ కోడలే. కొడుకు గుమ్మంలో నిలబడి "ఎలా ఉందమ్మా?" అని పలకరించి పోయేవాడు. చుట్టాలు మాత్రం "తల్లిని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటున్నాడు" అని ఆయన్నే మెచ్చుకునేవాళ్ళు. నిద్ర పట్టని మధ్యాహ్నాల్లో ముసలావిడ కోడలి చెయ్యి పట్టుకునేది. "ఏదైనా మాట్లాడవే. నీ గొంతు వింటుంటే కాస్త కన్ను మూతపడుతుంది. ఆ ఫోన్ల కబుర్లు చెప్పు." మాన్పించిన మనిషే అడుగుతోంది! ఒళ్ళు మండిపోయింది ముందు. తర్వాత చెప్పింది. డాక్టరు గురించీ, ఉరుము గురించీ చెబుతుంటే అత్తగారు పళ్ళులేని నోటితో తెగ నవ్వేది. "బావుండేదే మీ పని" అంది ఒకరోజు. అంతకుమించి ఏమీ అనలేదు. ఆవిడ పోయాక కూడా ఆ వేళకు ఆమె కాళ్ళు ఆ గదికే లాగుతున్నాయి.

సరే, జ్ఞాపకాలతో ఫ్యాను తిరగదుగా. ఆమె చీరకొంగు దోపుకుని లేచింది.

ఎక్స్‌ఛేంజిలో పెద్దసూపర్‌వైజరు ఒకావిడ ఉండేది. గాలివానకు లైన్లు పోయినప్పుడు కొత్త అమ్మాయిలు బిక్కమొహాలేస్తే, "ఒసే పిల్లా, చచ్చినచోట కూర్చుని ఏడిస్తే ఏం లాభం? ప్రాణం ఎక్కడిదాకా ఉందో వెతుకు. ప్రాణమున్న ఆఖరి చోట దొరుకుతుంది జబ్బు" అని గదిమేది.

ఇస్త్రీపెట్టెను వంటింట్లో పెట్టి చూసింది. చక్కగా వేడెక్కింది, తప్పు దానిది కాదు. వెనకగదిలో ఏ ప్లగ్గులో పెట్టినా టేబుల్ లైటు వెలగలేదు. వాకిట్లో ఉన్న మెయిన్ బాక్సు తెరిస్తే స్విచ్చులన్నీ పైకే ఉన్నాయి. ఒక్కొక్కటే దించి చూసింది. ఒకటి దించితే ఫ్రిజ్ ఆగింది. ఇంకోటి దించితే "ఏమోయ్! ఆట!" అని హాల్లోంచి కేక. వెంటనే ఎత్తేసింది. అన్ని గదులకూ ఒక్కో స్విచ్చుంది, వెనకగదికే లేదు. అప్పుడు గుర్తొచ్చింది. అదొకప్పుడు వట్టి వరండా. అత్తగారి కోసం గోడలు లేపినప్పుడు, "దానికి వేరే లైనెందుకు? హాలు బోర్డులోంచి లాగెయ్" అన్నాడు భర్త. ఇన్నాళ్ళూ ఆ గది హాలు దయమీద బతుకుతోందన్నమాట.

నేరుగా వెళ్ళి టీవీ వెనక వంగింది.

"అడ్డం లేవోయ్, ఇప్పుడే అసలు పట్టు!"

ప్లాస్టిక్ కాలిన వాసన గుప్పుమంది. బోర్డు అంచు గోధుమరంగుకు తిరిగింది, చెయ్యి దగ్గరకు పెడితే సెగ. మారుమాట్లాడకుండా వాకిట్లోకి వెళ్ళి మెయిన్ దించేసింది. ఇల్లంతా నిశ్శబ్దం.

"జబ్బు మీ టీవీ వెనకే ఉంది" అంది తిరిగొచ్చి. "ఇంకాసేపుంటే నిప్పంటుకునేది."

ఆయన ఒకసారి బోర్డును, ఒకసారి ఆమెను చూశాడు. ఆమె ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసింది. అదే ఊపులో పెరట్లోకి వెళ్ళి ఉరుముకు చేసి, "వస్తున్నానని చెప్పెయ్యవే" అంది. అవతలి సంతోషానికి ఫోను చెవికి దూరంగా పట్టుకోవలసి వచ్చింది.

పొద్దు వాలుతుండగా ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పాడు. "వెనకగదికి పోయే జాయింటు మాడిపోయింది సార్. కత్తిరించి మళ్ళీ కలిపితే చిటికెలో పని. కాకపోతే మళ్ళీ ఎప్పుడో ఇదే తంతు. బాక్సు నుంచి వేరే లైను వేస్తే ఇక చూసుకోనక్కర్లేదు. దానికి గోడ కొట్టాలి, రేపంతా పడుతుంది."

"కలిపేసి పో నాయనా. సామాన్ల గదికి అంత సీనెందుకు?" అన్నాడు భర్త.

"వేరే లైను వెయ్యి బాబూ" అంది ఆమె.

"ఎందుకూ?"

"సోమవారం నుంచి ఆ గదిలో నాకు ఉద్యోగం. ఫోన్లో మాట్లాడేది. ఒప్పేసుకున్నాను."

గొంతు ఎక్కడా వణకలేదు. ఆ గొంతును గుర్తుపట్టి ఆమెకే ముచ్చటేసింది.

"ఉద్యోగమా! ఈ వయసులోనా! మరి అబ్బాయి పెట్టెలెక్కడ పెడతాం?"

"అబ్బాయి పెట్టెలేగా, అబ్బాయింట్లోనే ఉంటాయి."

ఎలక్ట్రీషియన్ ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "అమ్మా, ముందే చెబుతున్నా. గోడ కొడితే దుమ్ము మామూలుగా లేవదు, ఇల్లంతా పడుతుంది. తర్వాత నన్ననొద్దు."

భర్తకు ప్రాణం లేచొచ్చింది. "విన్నావా? ఆ దుమ్మంతా ఎవరు తుడుస్తారు?"

ఆమె ఆయనవైపు చూడలేదు.

"నువ్వు కొట్టు నాయనా" అంది ఎలక్ట్రీషియన్‌తో. "దుమ్ము సంగతి సారు చూసుకుంటారు."