అమీనాబీ అడిగిన నంబరు

జగ్గయ్యపేటలో అయూబ్ చేతి బిర్యానీ తిననివాళ్ళు ఉండొచ్చేమోగాని, అయూబ్ కోతలు విననివాళ్ళు లేరు. నేవీలో పాతికేళ్ళు వంట చేసి వచ్చి, ఇప్పుడు పెళ్ళిళ్ళకి వండుతున్నాడు. గరిటె తిరిగినంతసేపూ నోరూ తిరుగుతూనే ఉంటుంది. భూమధ్యరేఖ దాటేటప్పుడు ఓడ కీసర టోల్‌గేటు దగ్గర స్పీడ్‌బ్రేకర్ ఎక్కినట్టు ఒక్క ఎగురు ఎగిరిందంటాడు. ఆ ఎగురుకి గిన్నెలోంచి పైకి లేచిన సాంబారు, రేఖకి ఇవతల లేచి అవతల పడిందట. అదీ చుక్క ఒలక్కుండా, అదే గిన్నెలో.

కోతల సంగతి ఎట్లా ఉన్నా అసలు ప్రయాణం నిజమే. ఇరవై ఏళ్ళ కిందట మన నేవీవాళ్ళ తెరచాపల ఓడ ఒకటి మొట్టమొదటిసారి భూమి మొత్తం చుట్టి వచ్చింది. కొచ్చిలో బయల్దేరి, ఏడాది దాటాక మళ్ళీ కొచ్చిలోనే ఆగింది. అందులో జనానికి వండిపెట్టిన చేతుల్లో అయూబ్ చెయ్యి ఒకటి.

ఇంకో నిజం కూడా ఉందిగాని, దాన్ని జనం కోతల్లో కలిపేశారు. పడమటికి పోతూ పోతూ పసిఫిక్ నడిమధ్య ఒక గీత దాటితే కేలెండర్లో ఒక రోజు ఎగిరిపోతుంది. వాళ్ళు గురువారం పడుకుని శనివారం లేచారు. “నా జుమ్మాని సముద్రం మింగేసిందయ్యా, నమాజు ఎవర్నడగాలి?” అని అయూబ్ అంటుంటే పెళ్ళివారు పొట్టలు పట్టుకునేవారు. ఆ శుక్రవారమే నందిగామలో అయూబ్ వాళ్ళమ్మ పోయింది. ఆ ముక్క మాత్రం ఏ పెళ్ళిలోనూ చెప్పలేదు.

అమ్మని చివరిదాకా చూసుకున్నది అక్క అమీనాబీ. ఈ ఏడు ఆమెకి హజ్ యాత్రకి పేరొచ్చింది. మక్కాకి పోయేవాళ్ళు పోయేముందు అందరి దగ్గరికీ వెళ్ళి, అన్నవీ విన్నవీ మాఫ్ చెయ్యమని అడిగి మరీ కదలాలి. మనుషుల దగ్గర పెట్టుకున్న తగువు దేవుడి దగ్గర తీరదంటారు. అమీనాబీ ఈ పని పట్టుదలగా చేసింది. నీళ్ళు కలిపాడని తిట్టిన పాలవాణ్ణి అడిగింది. మురుగునీళ్ళ దగ్గర ఎనిమిదేళ్ళు మాట్లాడని పక్కింటి సౌభాగ్యమ్మనీ అడిగింది. సౌభాగ్యమ్మ ఏడ్చి, ఆ మర్నాడే మళ్ళీ నీళ్ళు ఇటే వదిలింది.

అంతా అయ్యాక తమ్ముడికి ఫోన్ చేసి, ఇంకొక్కరు మిగిలారు రమ్మంది. ఆ ఒక్కడూ తనే అనుకుని, అయూబ్ నవ్వుకుంటూ నందిగామ బస్సెక్కాడు. అతను కుర్చీలో కూర్చుని టీ అందుకున్నాక అమీనాబీ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చెప్పింది.

“మీ కెప్టెన్ నంబరు కావాలి.”

అయూబ్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

సంగతేమిటంటే, ఓడ పసిఫిక్‌లోని హోనొలులు రేవులో ఆగినప్పుడు అయూబ్ ఇంటికి ఫోన్ చేశాడు. అమ్మకి అస్సలు బాగోలేదు, నీ పేరే కలవరిస్తోంది, వచ్చెయ్యమని అక్క ఏడ్చింది. అయూబ్ అడిగి చెబుతానన్నాడు. మర్నాడు మళ్ళీ చేసి, కెప్టెన్ సెలవు ఇవ్వనన్నాడని చెప్పాడు. ఓడ కదిలిన పదకొండో రోజున అమ్మ పోయింది. అప్పట్నుంచి ప్రతి జుమ్మాకీ నమాజు అయ్యాక అమీనాబీ చేతులు చాపి ఆ కెప్టెన్‌ని శపిస్తూ వచ్చింది. నీ తల్లి నిన్ను పిలిస్తే నీకు వినపడకపోను, నీ ఓడకి ఒడ్డు దొరక్కపోను అని. ముఖం చూడని మనిషికి ఇరవై ఏళ్ళ శాపాలు. వాటిని వెనక్కి తీసుకోకుండా, ఆయనచేత మాఫ్ అనిపించుకోకుండా, కాబా ముందు ఏ ముఖంతో నిలబడనని ఇప్పుడామె బాధ.

అయూబ్ బాధ వేరు. అతను అసలు కెప్టెన్ని అడగనే లేదు.

భూమిని మొత్తం చుట్టినవాళ్ళ పేర్లు ఒక ఇత్తడి పలక మీద చెక్కిస్తామని ఓడలో అనుకునేవారు. మధ్యలో దిగిపోతే పేరుండదు. అమ్మకి బాగోకపోవడం అది మొదటిసారి కాదు, అంతకు ముందు నాలుగుసార్లు లేచి కూర్చుంది. అయిదోసారీ లేస్తుందిలే అనుకున్నాడు. పేరు పలక మీదికి ఎక్కింది.

పెద్దాయన ఎక్కడున్నాడో, నంబరు మారిందేమోనని అయూబ్ నసిగాడు. మీ నేవీవాళ్ళకి వాట్సాప్ గ్రూపుందని నువ్వే చెప్పావుగా అని అక్క నోరు మూయించింది. కెప్టెన్ చచ్చిపోయాడని చెబితే పోలా అనుకున్నాడు. కానీ అలా చెబితే ఈవిడ బతికున్న మనిషికి ఫాతిహా చదివించి, మాఫ్ దొరకలేదని యాత్ర మానుకున్నా మానుకుంటుంది. రేపు ఫోన్ చేయిస్తానని చెప్పి బయటపడ్డాడు.

జగ్గయ్యపేటలో దిగగానే తిరుపతిరావుని పట్టుకున్నాడు. తిరుపతిరావు ముక్త్యాల నుంచి నాగపూర్ దాకా సిమెంటు లారీ తోలి తోలి హిందీ నేర్చినవాడు, అయూబ్ కోతలకి వంత పాడేవాడు. విషయం మొత్తం విని తల గోక్కున్నాడు.

“లారీ తోలినోణ్ణి, ఓడ తోలినోణ్ణని ఎట్టా చెప్పమంటావురా?”

“రెండూ తోలడమేగా. పైగా మా కెప్టెన్ మలయాళీ, నీకు హిందీ సరిగా రాకపోయినా అక్క పట్టించుకోదు. సబ్ మాఫ్ అని పెట్టెయ్యి, చాలు.”

మర్నాడు పదకొండింటికి అయూబ్ నందిగామలో అక్క పక్కన కూర్చుని, కెప్టెన్ ఇప్పుడు కొచ్చిలో ఉంటున్నాడని చెప్పి, తిరుపతిరావు నంబరు నొక్కి, స్పీకర్ పెట్టాడు. అమీనాబీ ఫోన్ ముందే కొంగు తల మీదికి లాక్కుంది. తను ఫలానా అయూబ్ అక్కనని చెప్పుకుంది. ఏమేమి శాపాలు పెట్టిందో ఒక్కటీ దాచకుండా అప్పజెప్పింది. అవతల తిరుపతిరావు మాఫ్ కియా బెహన్‌జీ, సబ్ మాఫ్ కియా అని లారీ గేరు మార్చినంత తొందరగా అనేశాడు.

గండం గడిచిందని అయూబ్ ఫోన్ అందుకోబోయాడు. అమీనాబీ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

ఇంకొకటుంది సాబ్, అది నేను దాచినందుకు కూడా మాఫ్ చెయ్యాలి, అంది. మీరు సెలవు ఇవ్వలేదని తమ్ముడు చెప్పినప్పుడు నేను మిమ్మల్ని తిడుతుంటే మా అమ్మీ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన్ని ఏమీ అనకు, నా కొడుకుని పంపిస్తే అక్కడ అంతమంది పిల్లలకి అన్నం ఎవరు వండుతారు, వాళ్ళూ ఎవరో ఒక తల్లి పిల్లలేగా అంది. ఆయనకి నా సలాం చెప్పమంది. కోపంకొద్దీ ఇన్నేళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా. మా అమ్మీ మీకు సలాం చెప్పింది.

అవతల తిరుపతిరావు ఊపిరి మాత్రం వినపడుతోంది. దాని వెనకాల బస్టాండులో కండక్టరు ఎవరో కోదాడ, కోదాడ, సూర్యాపేట అని కేకేశాడు. ఫోన్ కట్టయింది.

అమీనాబీ ఫోన్ వంక చూసింది. తర్వాత తమ్ముడి వంక చూసింది.

“కొచ్చిలో కూడా కోదాడ బస్సులుంటాయా, అయూబూ?”

ఆ ప్రశ్నకి చెప్పడానికి అయూబ్ దగ్గర పది కథలున్నాయి. కెప్టెన్ చుట్టాలింటికి వచ్చాడనొచ్చు, సిగ్నళ్ళు కలిసిపోయాయనొచ్చు. కానీ అమ్మ పదకొండు రోజులు ఆ అబద్ధాన్ని నమ్మి, దానికి సలాం కూడా పంపింది.

“ఆపా, నేను అడగలేదు. ఆయనకి తెలియనే తెలియదు.”

అమీనాబీ ఒకే ఒక్క మాట అడిగింది, అడిగితే పంపేవాడా అని.

“అమ్మ పోయిన కబురొచ్చిన రోజు ఆయనే వంటగదిలోకి వచ్చాడు. అమ్మకి బాగోలేదని రేవులో చెప్పి ఉంటే ఆ పూటే విమానం ఎక్కించేవాణ్ణిగదయ్యా అన్నాడు. ఉన్నట్టుండి గుండె ఆగింది సాబ్, ముందు ఏమీ లేదు అని చెప్పా. ఆయనతోనూ అబద్ధమే ఆడా.”

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండునని అయూబ్ ఎదురుచూశాడు. అమీనాబీ లేచి వెళ్ళి, యాత్రకి సర్దుకున్న తెల్లబట్టల దగ్గర కూర్చుని, మడత పెట్టినవే మళ్ళీ మడత పెట్టింది. అసలు నంబరు పట్టుకురా, అంది అటు తిరిగే. తప్పు లేని మనిషిని ఇరవై ఏళ్ళు తిట్టానని ఇప్పుడు తెలిసింది, ఇక అడక్కుండా ఎలా పోతాను అంది.

గ్రూపులో అడిగితే పావుగంటలో నంబరు వచ్చింది. కెప్టెన్ నిజంగానే కొచ్చిలో ఉన్నాడు. ఈసారి అమీనాబీయే మాట్లాడింది, స్పీకర్ పెట్టకుండా, వసారాలో నిలబడి. అయూబ్‌కి లోపలికి ముక్కలు ముక్కలుగా వినపడింది. శాపాల సంగతి చెప్పింది. అమ్మ పంపిన సలాం అందించింది. ఎందుకు శపించిందో మాత్రం చెప్పలేదు. అది నా తమ్ముడు చెబుతాడు అంది. లోపలికొచ్చి ఫోన్ చాపింది.

అయూబ్ అందుకోలేదు. ముందు నువ్వు మాఫ్ చేశానను ఆపా, అన్నాడు.

“నా వంతు చేశా. ఈయన వంతు ఈయన్నే అడుగు. అమ్మీ వంతు నా దగ్గర లేదురా.”

ఫోన్‌లోంచి ముసలిగొంతు, ఓడలో వంటవాణ్ణి పిలిచినట్టే, ఏం ఖాన్‌సామా, బాగున్నావా అని హుషారుగా పలకరిస్తోంది. అయూబ్ దాన్ని చెవికి ఆనించుకుని, సాబ్ అన్నాడు. అవతల ఆయన చెప్పు చెప్పు అంటున్నాడు. అయూబ్ మళ్ళీ సాబ్ అన్నాడు.