నా గొంతులో అద్దెకున్నవాడు

ఆ బుధవారం పొద్దున పదిన్నరకి, నలభై మంది నర్సింగ్ విద్యార్థినుల ముందు నిలబడి నా గొంతు గురించి నేనే గొప్పలు చెప్పుకుంటున్నాను.

"ఈ గాజు గొట్టంలో ఉన్నవాడు పద్దెనిమిదేళ్లుగా నా గొంతులో అద్దెకుంటున్నాడు. వీడి జాతి పేరు వింటే మీ అమ్మలు హడలిపోతారు. డిఫ్తీరియా. పాతకాలం వాళ్లు కంఠసర్పి అనేవాళ్లు. గొంతులో బూడిదరంగు పొర కట్టి పిల్లలు ఊపిరాడక పోయేవాళ్లు. మరి నేనెలా బతికున్నాను?"

నా ముందు నోరు మెదిపే అలవాటు ఆ కాలేజీలో ఎవరికీ లేదు. నేను మైక్రోబయాలజీ ల్యాబు టెక్నీషియన్ని. పిల్లలు చాటుగా నన్ను అగ్గిపుల్ల అంటారు. బర్నర్ వెలిగించేది నేనే కాబట్టి అలా అంటారని మా లెక్చరర్ సర్దిచెబుతాడు గానీ, ఎందుకంటారో నాకు తెలీదా!

"ఎందుకంటే వీడు కోరల్లేని పాము," అని జవాబు కూడా నేనే చెప్పాను. "విషం తయారుచేసే జన్యువు ఈ బాక్టీరియా సొంతం కాదు. ఒక వైరస్ దాన్ని మోసుకొచ్చి బాక్టీరియాలో దూరుస్తుంది. అలా జన్యువు దొరికినవాడు మనుషుల్ని చంపుతాడు. దొరకనివాడు నాలాంటి వాళ్ల గొంతులో ఊరికే పడుంటాడు. చూడ్డానికి ఇద్దరూ ఒకటే. మైక్రోస్కోపులో ఒకటే, వాటిని పెంచే ప్లేటు మీద ఒకటే. తేడా తెలియాలంటే విషం పరీక్ష పెట్టాలి, ఒక రోజు ఆగాలి."

'చూడ్డానికి ఇద్దరూ ఒకటే' అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి కింద గీత కూడా కొట్టాను. అప్పుడు ఫోన్ మోగింది. క్లాసు టైములో చెల్లెలు ఎప్పుడూ ఫోన్ చెయ్యదు.

"అక్కా, పిచ్చుకకి మెడ రెండు పక్కలా వాచిపోయింది. గొంతు పెగలట్లేదు. నోరు తెరిస్తే ఏదో కుళ్లిన వాసన. ఆస్పత్రికి తీసుకొచ్చేశాను, నువ్వు తొందరగా రా."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని బోర్డు వైపు చూశాను. నా చేతిరాత నాకే ఎదురుగా ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

పిచ్చుక మా చెల్లెలి కూతురు. ఆరేళ్లు. మరిది లారీ తోలే మనిషి, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. నాకు పెళ్లీ లేదు, గిళ్లీ లేదు. అందుకని అక్కచెల్లెళ్లం ఒకే ఇంట్లో ఉంటాం. పిచ్చుక నా పక్కలో పడుకుంటుంది, నా కంచంలో తింటుంది, నేను సగం తాగిన గ్లాసు లాక్కుని మిగతాది తాగుతుంది. ఇంట్లో నా కోపానికి భయపడని ప్రాణి అదొక్కటే.

సోమవారం పొద్దున అది గొంతు నొప్పి అంది. డాక్టరు దాకా ఎందుకు, నేనున్నానుగా అన్నాను. సంచిలోంచి దూది పుల్ల తీస్తే నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని "ముందు నీకు" అంది. దాని న్యాయం దానిది. ఇంట్లో ఏ మందైనా ముందు పెద్దమ్మ మింగి చూపించాలి. సరేనని అద్దం ముందు "ఆ" అని నా గొంతులో ఒక పుల్ల తిప్పుకున్నాను. తర్వాత దాని గొంతులో ఇంకో పుల్ల తిప్పాను. ల్యాబులో ఒకే ప్లేటుకి మధ్యలో మార్కరుతో గీత గీసి, ఎడమ సగంలో నాది, కుడి సగంలో దానిది పూసి ఇంక్యుబేటర్లో పెట్టాను.

మంగళవారం తీసి చూస్తే రెండు సగాల్లోనూ అవే చిన్న చిన్న బూడిదరంగు చుక్కలు. నాకు నవ్వొచ్చింది. ఓరి నీ ఇల్లు బంగారం గానూ, పిల్ల గొంతులో కూడా దిగిపోయావా అనుకున్నాను. తెలిసిన మొహం కనిపిస్తే పేరడగం కదా, నేనూ అడగలేదు. విషం పరీక్ష సంగతి మనసులోకైనా రాలేదు. ప్లేటు పారేసే డబ్బాలో పడేసి, కాలేజీ కాయితం మీద 'హాని చేసే బాక్టీరియా ఏమీ లేదు' అని రాసి, సంతకం గీకి చెల్లెలికిచ్చాను. చెల్లెలు పిల్లని ఆస్పత్రికి తీసుకెళితే, ఆ కాయితం చూసి డాక్టరు జ్వరం మందిచ్చి పంపేశాడు.

కాలేజీకి ఎదురుగానే ఆస్పత్రి. రోడ్డు ఎలా దాటానో నాకు గుర్తులేదు.

పిల్లల వార్డు గుమ్మంలో డాక్టరు నిలబడి ఉన్నాడు. నాకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు. అతని చేతిలో నా కాయితం ఉంది. చెల్లెలు గోడకి ఆనుకుని, పిల్ల చెప్పులు గుండెకి హత్తుకుని నిలబడింది.

"మేడం, ఎడమ టాన్సిల్ మీద పొర ఉంది," అన్నాడు డాక్టరు. "డిఫ్తీరియా ఏమోనని నా అనుమానం. కానీ మామూలు చీము పొర కూడా మొదట్లో ఇలాగే ఉండొచ్చు. ఇది అదే అయితే విరుగుడు సీరం ఇప్పుడే ఎక్కించాలి, ఆలస్యమయ్యే కొద్దీ విషం గుండెకి పాకుతుంది. కానీ అది గుర్రం రక్తంలోంచి తీసిన మందు. ఈ పిల్లకి ఉబ్బసం ఉంది. పడకపోతే ఆ మందే ప్రాణం తియ్యొచ్చు. మీ కాయితం లేకపోతే ఈపాటికి మొదలుపెట్టేసేవాణ్ని. ఏమీ లేదని రాశారు మీరు. ఖాయమేనా?"

లోపలి నుంచి పిల్ల ఊపిరి వినపడుతోంది. పీల్చినప్పుడల్లా, గొళ్లెం సరిగ్గా పడని తలుపు గాలికి కీచుమన్నట్టు ఒక చప్పుడు.

ఒక్క అరగంట ఇవ్వండి, ప్లేటు మళ్లీ చూసొస్తాను అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత పెద్దమనిషి తరహా మాట! ఎవరూ తప్పుపట్టరు. ఇరవై నాలుగేళ్ల సర్వీసులో నా సంతకం ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు, ఇప్పుడూ రాకుండా గడిచిపోతుంది. కానీ మళ్లీ చూస్తే ఏం కనపడుతుంది? నిన్న కనపడిందే కనపడుతుంది. ఆ సంగతి నేనే పది నిమిషాల క్రితం బోర్డు మీద రాసొచ్చాను.

"ఖాయం కాదు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఈసారి గట్టిగా చెప్పాను. "ఆ కాయితం నమ్మకండి డాక్టరుగారూ. ప్లేటు మీద అది ఉంది. నేను చూశాను. నా గొంతులో ఉండే విషం లేనివాడే కదా అనుకుని పరీక్ష పెట్టకుండా పారేశాను. తప్పు నాది. సీరం మొదలుపెట్టండి."

డాక్టరు కాయితం మడిచి జేబులో పెట్టుకుని, "సీరం తీసుకురండి. పడకపోతే పొడవడానికి అడ్రినలిన్ పక్కనే ఉంచండి," అని నర్సుకి చెప్పి లోపలికి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

నేనూ వెనకే వెళ్లబోతే ఆ నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. మూడేళ్ల క్రితం నా క్లాసులో కూర్చుని వణికిన పిల్ల. "మేడం, మీరు ఇంట్లో మనిషి. మీ గొంతు పరీక్ష అయ్యేదాకా లోపలికి రాకూడదు," అంది. వార్డులోకి ఎవర్నీ రానివ్వకండి, ఎంతటివాళ్లయినా సరే అని నేర్పింది నేనే.

తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. పిచ్చుక ముంజేతి మీద చుక్కంత సీరం పొడిచి ఇరవై నిమిషాలు ఆగారు. పొడిచిన చోట కందినట్టు ఎర్రబడింది. డాక్టరు వంగి ఆ ఎరుపుని స్కేలుతో కొలిచాడు, ఇంకో ఐదు నిమిషాలు ఆగాడు, ఎరుపు పెరగలేదని చూసి తలూపాడు. సెలైన్‌లో కలిపి బొట్టు బొట్టుగా వదిలారు. పావుగంటకి పిచ్చుక డొక్కలు ఎగరెయ్యడం మొదలుపెట్టింది. డాక్టరు సీరం ఆపేసి తొడలో అడ్రినలిన్ సూది పొడిచాడు. అందరూ దాని చుట్టూ చేరడంతో నాకు దాని పాదాలు తప్ప ఇంకేం కనపడలేదు. ఆ పాదాలు కదిలినంతసేపూ నేను ఊపిరి పీల్చాను, ఆగినప్పుడు ఆపాను.

"నీ సంతకం చూసి నిన్న నేను హాయిగా నిద్రపోయానక్కా," అంది చెల్లెలు నా పక్కన.

అరవలేదు. నా మొహం కూడా చూడలేదు.

డొక్కలు సర్దుకున్నాక సీరం మళ్లీ మొదలుపెట్టారు, ఇంకా నెమ్మదిగా. మధ్యాహ్నం మూడు గంటలకి పూర్తయింది. డాక్టరు బయటికొచ్చి, "ఇంకా ఏమీ చెప్పలేను. పొర కిందికి పాకకపోతే గండం ఒకటి దాటినట్టు. తర్వాత గుండె సంగతి," అన్నాడు. "ఇంట్లో ఇది ఎవరి దగ్గరుందో కూడా తెలియాలి."

"బడి నుంచే వచ్చుంటుంది," అంది చెల్లెలు. "పక్క బెంచీ పిల్ల వారం రోజులు దగ్గింది. ఆ టీచరమ్మకి గడ్డి పెట్టకపోతే చూడండి."

నేను కాలేజీకి పరిగెత్తాను. పారేసే డబ్బాని ఆయా అప్పుడే ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవు దగ్గరికి మోసుకెళుతోంది. ఆపి, ప్లేటు ఏరుకుని, ఫ్రిజ్‌లోంచి నా పాత గొట్టం కూడా తీసుకుని ఆస్పత్రి పెద్ద ల్యాబుకి వెళ్లాను. పద్దెనిమిదేళ్ల క్రితం నా గొంతులోంచి తీసి, విషం లేదని తేల్చి, అప్పటినుంచీ గొట్టం మార్చి గొట్టంలో పెంచుతున్నది అది. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది, అందుకని పరీక్ష ఆ ల్యాబు చూసే మేడాన్నే పెట్టమన్నాను. ఆవిడ ప్లేటు మీద విరుగుడులో ముంచిన కాయితం ముక్క పరిచి, దానికి అడ్డంగా నాలుగు బాక్టీరియా గీతలు పూసింది: విషం ఉందని ముందే తెలిసినది, నా పాత గొట్టం, సోమవారం ప్లేటులో నా సగం, పిచ్చుక సగం. విషమూ విరుగుడూ కలిసే చోట, విషం ఉన్నవాడి పక్కన రేపటికి సన్నటి తెల్లగీత లేస్తుంది.

నా దాంట్లో విషం లేదని తేలాలి, పిల్లది బడి నుంచే అయ్యుండాలి అని ఆ రాత్రంతా కోరుకున్నాను. సిగ్గు లేకుండా కోరుకున్నాను.

గురువారం మధ్యాహ్నం మేడం ప్లేటుని నల్ల అట్ట మీద పెట్టి నన్ను పిలిచింది. తెలిసినవాడి పక్కన తెల్లగీత ఉంది. పాత గొట్టం పక్కన ఏమీ లేదు. పిచ్చుక గీత పక్కన ఉంది. నా సగం పక్కన కూడా ఉంది.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ఉంది.

"గొట్టంలో వాడు గొట్టంలోనే ఉన్నాడు," అంది మేడం. "గొంతులో వాడికి ఈ మధ్యలో ఎక్కడో జన్యువు దొరికింది. లేదంటే వాణ్ని తోసేసి కొత్తవాడు చేరాడు. మీకు టీకా బలం ఉంది కాబట్టి విషం అంటలేదు. పిల్లకి?"

పిల్లకి ఐదేళ్లప్పుడు వెయ్యాల్సిన టీకా ఆయాసం వచ్చిందని వాయిదా వేశాం. వచ్చే నెల చూద్దాంలే అన్నది నేనే.

"నా నుంచి దానికెళ్లిందా, దాన్నుంచి నాకొచ్చిందా?" అనడిగాను.

"అది ఈ గీత చెప్పదు. మీరెవరికి చెప్పుకుంటారో మీ ఇష్టం. నేను డాక్టరుకి మాత్రం చెప్పాలి."

చెల్లెలి గొంతు పరీక్ష శుభ్రంగా వచ్చింది, పిల్ల దగ్గరికి రానిస్తున్నారు; అప్పుడామె వార్డు బయట బల్ల మీద కూర్చుని, బడికి ఇవ్వడానికి ఫిర్యాదు రాస్తోంది. ఇంకొక్క పేజీ రాస్తే నా మీదికి ఎవరూ రారు. నేను వరండా అవతలి గోడ దగ్గరే ఆగి, మాస్కులోంచే చెప్పాను. "బడికి రాయకు. విషం ఉన్నది నా గొంతులో కూడా ఉంది. నా దగ్గర్నుంచే దానికి వచ్చుండొచ్చు. ఖాయంగా తెలీదు, ఎప్పటికీ తెలీదు. కానీ దాన్ని పక్కలో వేసుకుని పడుకున్నది నేను."

ఆమె పెన్నుకి మూత పెట్టింది. కాయితం నాలుగు మడతలు పెట్టింది. లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అంతే, తర్వాత తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ తొమ్మిది రోజులూ నేను కాలేజీ గెస్టు గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. రోజుకి నాలుగు మాత్రలు. పద్నాలుగు రోజులు మింగి, తర్వాత రెండుసార్లు గొంతు పరీక్ష శుభ్రంగా వస్తేనే ఇంటికి. సెలవులో వెళ్లే ముందు బోర్డు మీద మాట నేను తుడవలేదు, ఎవరూ తుడవొద్దన్నాను. పిల్ల కబుర్లు నర్సు ఫోన్‌లో చెప్పేది. పొర ఆగింది. పొర ఊడుతోంది. గుండె ఈసీజీ గీతలు ఇప్పటికైతే బాగున్నాయి, కానీ ఇంకా కొన్ని వారాలు మంచం దిగకూడదు. నేను ఫోన్ పెట్టేసి ఏడ్చేదాన్ని.

పదో రోజు నర్సు, "అద్దం బయటి నుంచి చూడొచ్చు మేడం, రండి," అంది.

పిచ్చుక మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. చిక్కి సగమైంది. నన్ను చూడగానే అద్దం అవతల నోరు పెద్దగా తెరిచి చూపించింది. లోపలంతా ఎర్రగా, శుభ్రంగా ఉంది. బూడిదరంగు లేదు. తర్వాత నోరు మూసి, వేలు నా వైపు చూపించింది. మాట రాకపోయినా నాకు అర్థమైంది. దాని న్యాయం అది మర్చిపోలేదు, ఈసారి ముందు తను చూపించింది, ఇక నా వంతు.

వరండాలో ఎవరూ లేరు. నేను అద్దానికి దూరంగా నిలబడి, మాస్కు కిందికి లాగి, "ఆ" అన్నాను.

మంచం పక్కన చెల్లెలు లేచింది. నర్సు టేబుల్ మీది టార్చి తీసుకుని అద్దం దగ్గరికొచ్చి, వెలుగు నా నోట్లోకి వేసింది. చాలాసేపు చూసింది. నేను నోరు మూసుకోలేదు, నా కళ్లలోంచి నీళ్లు కారుతున్నా మూసుకోలేదు. ఆమె టార్చి ఆర్పి, తలుపు రెండు వేళ్ల సందు తెరిచింది.

"మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా అక్కా?" అంది.