మొగిలి చెవి

పదిహేను, పదహారు. మొగిలి ఆగాడు. వాల్వు గుంతలోకి దించిన ఇనుప చావి మీద రెండు అరచేతులూ ఆనించి, కింద గొట్టంలో నీళ్ళు కదిలిన వణుకు చేతులకు తెలిసేదాకా నిలబడ్డాడు. తెలిశాక ఇంకో రెండు చుట్లు తిప్పి చావి పైకి లాగాడు. ఇదివరకు ఆ పని చెవి చేసేది. నీళ్ళు వచ్చిన చప్పుడు వినపడగానే చావి వదిలేసి బీడీ వెలిగించుకునేవాడు. ఇప్పుడు చుట్లు లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది.

ఉదయం ఆరు కావస్తోంది. ఖాజాగూడలో ముప్పై అంతస్తుల అపార్టుమెంటు ప్రహరీ పక్కన ఉన్న ఈ వాల్వు పైవాడ ఇళ్ళది. దీని తరవాత చెరువు వైపు సందులో ఒకటి, గుట్ట దగ్గర ఇంకొకటి తిప్పాలి. నాలుగోది, గుట్ట కింది బస్తీది, ఆరు రోజులుగా మూసే ఉంది. దాని మూత పక్కనుంచి నడవాల్సి వచ్చినప్పుడల్లా మొగిలి అటు చూడకుండా అడుగు పెద్దది చేస్తున్నాడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. బక్కపలచగా, ఎండకు మాడిన ఒళ్ళు. మోకాళ్ళదాకా మడిచిన ప్యాంటు, కాంట్రాక్టు ఏజెన్సీ ఇచ్చిన నారింజరంగు జాకెట్టు. దాని మీది పట్టీలు మెరవడం ఎప్పుడో మానేశాయి. కుడిచెవిలో దూది మాత్రం కొత్తది. రోజూ మారుస్తాడు. ఎవరైనా పిలిచినప్పుడు పలకకపోతే, ఆ దూది చూపించి "చీము కారుతుంది" అంటాడు. అబద్ధమైనా సరే, శుభ్రంగా ఉండాలని అతని పట్టుదల. చీమూ లేదు, పోటూ లేదు. కుడిచెవి మూడేళ్ళ కిందటే పోయింది. ఎడమది ఈ వానాకాలంలో దాని వెంట బయలుదేరింది.

ఆ సంగతి భార్య భాగ్యమ్మ ఒక్కదానికే తెలుసు. పొద్దున చాయ్ గ్లాసు చేతికిస్తూ, చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది.

"ఇయ్యాలన్న సార్‌కు చెప్పు. ఇనవడ్తలేదంటే తలకాయ తీస్తడా?"

మొగిలి ఆ మాట కూడా వినపడనట్టే చాయ్ తాగి లేచాడు. చెవుడులో ఉన్న సుఖమల్లా అదొక్కటే.

చెప్పడం అంత తేలికా? ముప్పై ఏళ్ళ కిందట జనగామ దిక్కు పల్లె నుంచి, పెళ్ళైన కొత్తలో, ఇద్దరూ ఈ గుట్టల్లోకి రాళ్ళు కొట్టే పనికి వచ్చారు. అద్దాల మేడలకు గొట్టాలు వెయ్యాలంటే బండలో కందకాలు తవ్వాలి. మొగిలి కంప్రెషర్ మిషన్ పట్టుకుని పన్నెండేళ్ళు బండ పగలగొట్టాడు. చెవుల్లో పెట్టుకోవడానికి ఏమైనా ఇవ్వాలని ఎవరికీ తోచలేదు, అడగాలని అతనికీ తోచలేదు. తరవాత నీళ్ళ లైన్ల మీద కాంట్రాక్టు పని దొరికింది. అక్కడొక ముసలి లైన్‌మన్ నాలుగడుగుల ఇనుప కడ్డీ చేతికిచ్చి, ఒక కొస రోడ్డు మీద ఆనించి, బిళ్ళలా సాగగొట్టిన రెండో కొస చెవికి పెట్టుకోమన్నాడు. మూడడుగుల లోతున పగిలిన గొట్టంలోంచి నీళ్ళు చిమ్మే చప్పుడు మొగిలికి ఆ మొదటిరోజే దొరికింది.

అది అందరికీ పట్టుబడే విద్య కాదు. నిజాంపేట నుంచి, జీడిమెట్ల నుంచి ఇంజనీర్లు బండి పంపించి మరీ పిలిపించుకునేవాళ్ళు. అతను సుద్దముక్కతో సున్నా గీసినచోట తవ్వితే లీకు ఉండి తీరేది. ఏజెన్సీలు ఏడు మారాయి. వచ్చిన ప్రతివాడూ పాతవాళ్ళను తీసేసి 'చెవి మొగిలి'ని మాత్రం ఉంచుకున్నాడు. చదువు లేదు, భూమి లేదు, పనీ పర్మినెంటు కాలేదు. ఉన్నదల్లా ఆ పేరే. అది పోతే తాను ఎవరో అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

ఆ పేరు కాపాడుకోబోయి క్రితం వారం ఘోరం చేశాడు. బస్తీ నల్లాల్లో వాసన వస్తోందని ఆడవాళ్ళు గొడవ చేస్తే, ఇంజనీరు ఓంకార్ అతణ్ణి పిలిచాడు. కడ్డీ చెవికి పెట్టుకుంటే ఏమీ లేదు. దిండులో తల దూర్చినట్టుంది. అందరూ చూస్తున్నారు. సందు చివర పాల బూతు ముందు రోడ్డు కాస్త తడిగా కనిపించింది. అక్కడ సున్నా గీశాడు. తవ్వితే గొట్టం నిక్షేపంగా ఉంది. మొగిలికే దొరకలేదంటే లీకు లేనట్టే అనుకుని ఓంకార్ గుంత పూడ్పించి నీళ్ళు వదిలించాడు. రెండు రోజులు తిరక్కుండా బస్తీలో పదకొండు మంది వాంతులు, విరేచనాలతో పడ్డారు. అప్పుడు వాల్వు మూశారు. పదిమంది తేరుకున్నారు. సాయమ్మ ఇంకా దవాఖానలోనే ఉంది.

డెబ్బై దాటిన మనిషి సాయమ్మ. బస్తీ నల్లా పక్కనే ఒక గదిలో ఒక్కతే ఉంటుంది. మొగిలి ఐదు నిమిషాలు ఆలస్యంగా వాల్వు తిప్పితే చాలు, "ఏంరో మొగిలిగా, నీళ్ళన్ని మీ అత్తగారింటికి పంపినవా?" అని సందంతా వినపడేలా అరిచేది. ఈ వానాకాలంలో కూడా ఆ గొంతు అతని ఎడమచెవికి ఏ ఇబ్బందీ లేకుండా చేరింది. ఆరు రోజులుగా ఆ తిట్టు లేదు. మొగిలి కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఒకచోట కూర్చోలేడు, తిన్నది ఒంటబట్టదు, ఇంటికి పోతే భాగ్యమ్మ మొహం చూడలేడు.

పదింటికి బస్తీ సందులోకి అడుగుపెట్టేసరికి జనం పోగై ఉన్నారు. అందరికన్నా ముందు వసంత. ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుంది, ఈరోజు సెలవు పెట్టింది. నల్లా నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి, తాను రోజూ తుడిచే బల్ల దగ్గర కూర్చునే హర్షిణి ముందు పెట్టి "మేడం, జర వాసన చూడుర్రి" అన్నది ఈమే. హర్షిణి ఆ ముప్పై అంతస్తుల్లోనే ఉంటుంది. మర్నాడే నీటి పరీక్ష సీసాలు కొనుక్కొచ్చింది. నీళ్ళు పోసి ఒకరోజు ఉంచితే చాలు, మురుగు కలిసిన నీళ్ళయితే సీసా నల్లబడుతుంది. వాల్వు మూయకముందు ఇళ్ళలో పట్టిపెట్టుకున్న నీళ్ళు పోయమని ఇద్దరూ ఇంటింటికీ తిరిగి పంచారు. వెంట ఇంకో పదిమంది ఆడవాళ్ళు చేరి నీళ్ళ కమిటీ అన్నారు. టీవీ పక్కన, దేవుడి గూట్లో, బియ్యం డబ్బా మీద సీసాలు పెట్టి, తెల్లారి రంగులు చూశారు. కిరాణా కొట్టుకు ఇవతలి ఇళ్ళలో ఒక్క సీసా రంగు మారలేదు. మలుపు దాటాక అన్నీ నల్లగా అయ్యాయి. ఆ రెండిటి మధ్య వంద గజాల రోడ్డు, దాని పక్కనే మురికి నాలా. ఇంజనీర్లు తేల్చని లెక్క ఆడవాళ్ళు సీసాలతో తేల్చారు.

"తవ్వే మిషన్ పన్నెండింటి దాకనే ఉంటది మొగిలన్నా," అన్నాడు ఓంకార్, అతని ముందుకొచ్చి గట్టిగా. "రోడ్డు తవ్వనీకి ఒక్క గుంతకే పర్మిషన్. ఎక్కడో నువ్వే చెప్పాలె."

గొట్టంలో నీళ్ళుంటేనే లీకు చప్పుడు చేస్తుంది. అందుకని మొగిలి నాలుగో వాల్వు తిప్పాడు. ప్రతి నల్లా దగ్గరా ఒక ఆడమనిషి కాపలా నిలబడింది, ఎవరూ చుక్క పట్టుకోకుండా. ఇక రోడ్డు చప్పుడు ఆగాలి. ఆ సందు ఆఫీసులకు అడ్డదారి. క్యాబులు, బైకులు, బిర్యానీ పొట్లాలు మోసే బండ్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పోతుంటాయి. హర్షిణి ఒక చివరకు పరిగెత్తి చేతులు చాపి నిలబడింది. వసంతతో వచ్చిన ఆడవాళ్ళు రెండో చివర అడ్డం నిలిచారు.

"పది నిమిషాలు ఇంజన్లు ఆపండి, తాగే నీళ్ళ సంగతండీ!" అని హర్షిణి ఒక్కొక్క కారు అద్దం తడుతోంది.

హారన్లు మోగించారు, తిట్టారు, వీడియోలు తీశారు. చివరికి ఒక క్యాబు డ్రైవరు తాళం తిప్పి ఇంజను ఆపాడు. వెనకవాడూ ఆపాడు. ఇళ్ళలో మిక్సీలు, టీవీలు ఆగాయి. నిశ్శబ్దం అయిందని మొగిలికి మనుషుల మొహాలు చూస్తే తెలిసింది. అందరి నోళ్ళూ మూతపడి, కళ్ళన్నీ అతని మీదే ఉన్నాయి.

కడ్డీ ఆనించి ఎడమచెవి పెట్టాడు. ఏమీ లేదు. రెండడుగులు జరిగి మళ్ళీ పెట్టాడు. తన గుండె కొట్టుకోవడం తప్ప ఇంకేదీ లేదు. మలుపు దాకా పోయాడు, వెనక్కి వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. జేబులో వేళ్ళు అప్పుడే సుద్దముక్కను పట్టుకున్నాయి. మలుపు దగ్గర గీస్తే? తగిలితే తగలొచ్చు. తగలకపోతే? గుంత పూడుస్తారు, నీళ్ళు వదులుతారు, ఎవరో ఒకరు తాగుతారు.

చేయి జేబులోంచి వట్టిగా బయటికొచ్చింది. చెవిలో దూది పీకి కింద పడేశాడు.

"నాకు ఇనవడ్తలేదు," అన్నాడు.

"ఏంది కాకా?" వసంత దగ్గరికొచ్చింది.

"నాకు చెవుడు బిడ్డా. పోయినసారి గూడ ఇనలే. ఉత్తగనే గీసిన."

ఓంకార్ మొహం ఎర్రబడింది. వసంత కదలకుండా అతణ్ణే చూసింది. ఆమె పెదాలు మెల్లగా కదిలాయి. మొగిలికి వినపడలేదు కానీ ఆ మాటేమిటో పెదాల మీదే తెలిసింది. సాయమ్మవ్వ ఆ నీళ్ళే తాగింది గద కాకా. తల కొట్టేసినట్టయింది అతనికి. అయినా కడ్డీ ఆమె ముందుకు చాపాడు.

"తిట్టుడు ఎనక తిడుదువు. బండ్లోల్లు ఎంతసేపు ఆగరు. ఇగ పట్టు!"

ఆమె పట్టుకుంది. మొగిలి ఆమె పక్కనే వంగి, తన జీవితంలో ఎవరికీ చెప్పని పాఠం ఐదు నిమిషాల్లో చెప్పాడు. ఊపిరి బిగబట్టు. రెండో చెవి మూసుకో. కడ్డీని నొక్కకు, ఊరికే ఆనించు. వచ్చిపోయే చప్పుడు ఇడిసిపెట్టు, తెగకుండ వచ్చేది ఇను. ఆమె తల అడ్డంగా ఊపింది. జరిగారు. మళ్ళీ ఊపింది. జరిగారు. దూరంగా ఎవడో హారన్ కొడితే అందరూ వాడి మీద విరుచుకుపడ్డారు. కిరాణా కొట్టు మెట్లకు నాలుగు గజాల దూరంలో వసంత నుదురు ముడిపడింది.

"గ్యాస్ పొయ్యి ఇప్పి అంటువెట్టకుంటే సుయ్యిమంటది సూడు, గట్లొస్తుంది కాకా."

"ముందుకు జరుగు. తక్కువైందా?"

"తక్కువైంది."

"ఎనకకు రా."

"ఇక్కడ... ఇక్కడ మస్తుగుంది."

మొగిలి కడ్డీ చుట్టూ సున్నా గీశాడు. ఆ చప్పుడు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. సరిగ్గా అట్లాగే ఉంటుంది, వెలిగించని గ్యాస్ పొయ్యిలాగే. ఆమెకు దొరికినందుకు సంతోషం, తనకు ఇక దొరకనందుకు ఏడుపు, రెండూ ఒకేసారి వచ్చాయి.

మిషన్ నాలుగడుగులు తవ్వేసరికి నీళ్ళు చిమ్మాయి. ఎవరో కేబుల్ దూర్చినప్పుడు గొట్టం అతుకు పగిలింది. చుట్టూ నాలా నుంచి ఊరిన నల్లటి బురద. లైనులో నీళ్ళు ఆగిన ప్రతిసారీ ఆ బురదే గొట్టంలోకి దిగుతోంది. ఆడవాళ్ళు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని వంగి చూశారు. మొగిలి వాల్వు మూసి వచ్చి, ఎవరూ చెప్పకముందే గుంతలోకి దిగాడు. నడుము లోతు మురుగులో నిలబడి పగిలిన ముక్క కోసి తీశాడు.

"రేపటి సంది రాకు అన్నా," అన్నాడు ఓంకార్ పైనుంచి వంగి, ఒక్కొక్క మాటా విడమరిచి. "ఏజెన్సీకి చెప్పకుంటె నా మీదికొస్తది."

"సరే సార్."

ఆ మాట వింటే ప్రాణం పోతుందని మూడేళ్ళుగా భయపడ్డాడు. తీరా విన్నాక ఆకలేసింది, అంతే.

మధ్యాహ్నం మూడింటికి కొత్త అతుకు బోల్టులు బిగిస్తూ ఒకసారి తలెత్తాడు. వసంత ఫోను చెవికి పెట్టుకుని ఉంది. పెట్టుకున్నది అట్లాగే కిరాణా కొట్టు మెట్టు మీద కూర్చుండిపోయింది. పక్కన ఉన్నామె వంగి ఏదో అడిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె నుంచి ఇంకొకామె, ఆమె నుంచి మరొకామె. హర్షిణి కళ్ళద్దాలు తీసేసింది. ఎవరూ గుంతలోకి వంగి మొగిలికి ఏమీ చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. సాయమ్మను తానే చంపానని అతనికి అనిపించింది. ఆ మాట పైనున్న వాళ్ళలో ఒక్కరూ అనలేదు. అంటే బాగుండేది. మిగిలిన రెండు బోల్టులూ బిగించాడు. చేతులు జారుతుంటే ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ బిగించాడు.

ఐదింటికి నాలుగో వాల్వు పద్దెనిమిది చుట్లు తిప్పాడు. అరగంటసేపు లైను కడిగిన నీళ్ళన్నీ మోరీలోకి వదిలారు. హర్షిణి ఇంటింటికీ మళ్ళీ సీసాలిచ్చి, "రేపు ఇవి చూసేదాకా తాగకండి, వాడకానికే పట్టుకోండి" అని చెప్పింది. గుంత పూడ్చేశారు. మొగిలి చావి ఓంకార్‌కు ఇచ్చేసి, కాళ్ళు కడుక్కుందామని బస్తీ నల్లా దగ్గరికి వచ్చాడు.

అక్కడ మనుషుల కన్నా ముందు బిందెలు వరసలో నిలబడతాయి. ఒకసారి పెట్టిన బిందెను దాని మనిషి తప్ప ఇంకొకరు జరపరు, జరిపితే కొట్లాటే. ఇప్పుడు వరసలో మొదట ఉన్నది మెడకు ఎర్రగుడ్డ పీలిక కట్టిన నీలం ప్లాస్టిక్ బిందె. మంచాన పడ్డ సాయంత్రం సాయమ్మ పెట్టింది. ఆరు రోజుల దుమ్ముతో అక్కడే ఉంది. మిగతావాళ్ళందరూ దాని వెనకే పెట్టారు.

నల్లా ధారగా వస్తోంది. ఎవరూ ముందుకు రావడం లేదు. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిన వసంత మొగిలి వైపు చూసి, అతనికి తెలిసేలా చేత్తో చూపించింది.

"నువ్వే పట్టు కాకా."

మొగిలి బిందె తీసుకుని లోపలా బయటా మూడుసార్లు తొలిచాడు. నల్లా కింద పెట్టి, నిండేదాకా దాని మీద చెయ్యి తీయలేదు. రెండు చేతులతో ఎత్తి పక్కనున్న గద్దె మీద పెట్టాడు. కాళ్ళు కడుక్కోవడం మరిచిపోయి, బురద కాళ్ళతోనే ఎవరికీ చెప్పకుండా సందు దాటి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత వరస కదిలింది. వెనక టవర్లలో దీపాలు వెలిగేసరికి ఒక్కొక్కటిగా బిందెలన్నీ ఇళ్ళకు చేరాయి. గద్దె మీద సాయమ్మ బిందె మాత్రం మెడదాకా నీళ్ళతో, ఎత్తుకుపోయే మనిషి లేక అక్కడే ఉంది.