పంక్తుల మధ్య జవాబు

మంగళవారం మధ్యాహ్నం నంబోజో కంప్యూటర్ నోరు పడిపోయింది.

ఆరేళ్ల వయసులో తట్టు సోకి చూపు పోయిన దగ్గర్నుంచి నంబోజో చదువంతా చెవులతోనే సాగింది. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే గొంతు లేకపోతే ఆమెకు ఆ కంప్యూటర్ ఉత్త రేకు పెట్టె. గురువారం పొద్దున తొమ్మిదింటికి ఎంబాలే పట్నంలోని కాఫీ రైతుల సంఘంలో ఆమెకు పరీక్ష ఉంది. వచ్చిన ఉత్తరాలు చదివి జవాబులు రాసే గుమాస్తా ఉద్యోగం. "మాట్లాడే కంప్యూటర్ మా దగ్గర లేదమ్మా, నీది నువ్వే తెచ్చుకో" అని ముందే చెప్పారు. పిలిచింది నలుగురినని, మిగతా ముగ్గురూ కళ్లున్నవాళ్లేనని అక్కడి కాపలావాడు చెవిన వేశాడు.

ఆ మంగళవారం మధ్యాహ్నమే కంప్యూటర్ ఏదో కొత్త మార్పులు దించుకుంది. ఆ తర్వాత మాట లేదు. నంబోజో నాలుగుసార్లు దాన్ని ఆపి తెరిచింది. లాభం లేకపోయింది.

అక్క నెకెసా సంత నుంచి వచ్చి, ఎండు వెదురు చిగుళ్ల బుట్ట దించి, తెరలోకి తొంగి చూసింది.

"అంతా బాగానే ఉందే! అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి."

"నీకు కనబడితే నాకేం ఒరిగింది అక్కా?"

"పోనీ, ఆ బాగుచేసే కుర్రాడికి ఇచ్చొద్దామా?"

"వాడు ఉన్నదంతా తుడిచేసి శనివారం రమ్మంటాడు. పరీక్ష ఎల్లుండి!"

నెకెసా చెల్లెలు గోళ్లు కొరుకుతున్న చప్పుడు విని అరటికాయలు వలవడానికి కూర్చుంది.

నంబోజో దగ్గర ఫోన్ ఉంది, అది మాట్లాడుతుంది. దేశం నలుమూలలా ఉన్న చూపులేనివాళ్లు డెబ్భై మంది దాకా ఒక మెయిల్ గ్రూపులో ఉన్నారు. కంప్యూటర్‌తో ఏ చిక్కొచ్చినా అక్కడే అడుగుతారు. ఆమె ఫోన్‌లోనే తడుముకుంటూ గ్రూపుకు ఉత్తరం రాసింది. భయపడ్డ మనిషి పొట్టిగా రాయలేడు. పరీక్ష సంగతి, కాపలావాడి మాట, ఎన్నిసార్లు ఆపి తెరిచిందీ, ఏ మీట నొక్కినా చిన్న కూత తప్ప మాట రాకపోవడం, అన్నీ కలిపి నలభై వరుసలు రాసింది.

గ్రూపును నడిపేది కకాయి టీచర్. చూపులేని పిల్లల బడిలో ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి. ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. జవాబు ఎప్పుడూ పైనే రాయాలి, పాత ఉత్తరం కత్తిరించేయాలి. కళ్లున్నవాడు పాతదాన్ని ఒక్క చూపులో దాటేస్తాడు. వినేవాడు మొదటి నుంచీ వినాల్సిందే.

బుధవారం పొద్దుటికి పదకొండు జవాబులు వచ్చాయి. ఒకాయన ప్రోగ్రాం మొత్తం తీసేసి మళ్లీ వేయమన్నాడు. కళ్లు లేకుండా, మాట లేకుండా అదెలా చేయాలో చెప్పలేదు. ఒకామె స్పీకర్ పాడైందంది. ఇద్దరు ప్రార్థన చేస్తామన్నారు. టొరోరో నుంచి ఓకెచో అనే ఆయన పంపిన ఉత్తరం మాత్రం "మంగళవారం నంబోజో ఇలా రాసింది" అని మొదలైంది. ఆ తర్వాత ఆమె మాటలే ఆమెకు వినిపించాయి: "అన్నలారా, అక్కలారా, నాకు ప్రాణం మీదికి వచ్చింది..."

రెండో వరుసకే తీసేసింది. పొరపాటున పంపి ఉంటాడనుకుంది. గంట తర్వాత ఆయన దగ్గర్నుంచి మరొకటి వచ్చింది, అదీ అలాగే. మధ్యాహ్నానికి మూడోది. "అన్నలారా, అక్కలారా" అని ఫోన్ మళ్లీ ఎత్తుకునేసరికి నంబోజోకు ఒళ్లు మండిపోయింది. వెంటనే గ్రూపుకు రాసింది.

"టొరోరో ఓకెచో గారికి. నా ఉత్తరం నాకే మూడుసార్లు వినిపించినందుకు దండాలు. నేను గుడ్డిదాన్నే గానీ మతిమరుపుదాన్ని కాదు. సాయం చేయలేకపోతే ఊరికే ఉండండి."

గ్రూపు ఒక్కసారిగా లేచింది. "ఈయన ఎప్పుడూ ఇంతే" అన్నారొకరు. "టొరోరో చిలక! ఏం పలికితే అదే తిరిగి పలుకుతుంది" అన్నారింకొకరు. నంబోజోకు నవ్వొచ్చింది. నిన్న మధ్యాహ్నం నుంచి అదే మొదటి నవ్వు.

మూడు గంటలప్పుడు కకాయి టీచర్ ఫోన్ చేసింది.

"నంబోజో, ఓకెచో ఉత్తరం చివరిదాకా విన్నావా?"

"వినడానికేముంది టీచర్? అంతా నా గోలేగా."

"విన్నావా, లేదా?"

"లేదు."

టీచర్ గొంతు తగ్గించింది. "చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు, ఇవాళ చెప్పక తప్పట్లేదు. ఆయనకు చెవులు కూడా వినబడవమ్మా. కంప్యూటర్‌కు తగిలించిన బ్రెయిలీ పలక మీద వేలితో చదువుతాడు. చుక్కలు లేస్తాయి, ఇరవై అక్షరాలు. అవి తడిమితే ఇంకో ఇరవై. నీ నలభై వరుసలూ అలా చదివాడు. ప్రశ్న ఒకచోట, జవాబు ఒకచోట ఉంటే దేనికేదో ఆయన వేలికి అందదు. అందుకే నీ వరుస కిందే తన మాట రాస్తాడు. నా నియమం ఆయనకు పనికిరాదని తెలిసీ నేనే చూసీచూడనట్టు ఊరుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు టీచర్?"

"నువ్వు తిట్టేముందు అడిగావా?"

ఫోన్ పెట్టేశాక నంబోజో తాను తీసేసిన మొదటి ఉత్తరాన్ని వెతికి పట్టుకుంది. ఈసారి పక్కకు తోయలేదు. తన భయమంతా తనకే తిరిగి వినబడుతుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "ఏ మీట నొక్కినా చిన్న కూత తప్ప మాట రావడం లేదు." ఆ వెంటనే కొత్త మాటలు వచ్చాయి.

"ఇక్కడ ఆగండి. కూత వస్తోందంటే గొంతు చావలేదు, మాట ఆపి కూత మాత్రమే వచ్చేట్టు పెట్టారంతే. చెయ్యి తగిలి ఉంటుంది. ఇన్సర్ట్ మీట పట్టుకుని ఎస్ నొక్కండి. ఒకసారికి రాకపోతే రెండోసారి. నాకు మాటతో పని లేదు కాబట్టి నేనెప్పుడూ దాన్ని ఆపేసి ఉంచుతాను. అందుకే తెలుసు."

రెండో ఉత్తరంలో ఆ వరుస కిందే "చేశారా?" అని ఉంది. మూడోదానిలో "పరీక్ష రేపే కదా, దయచేసి చేసి చూడండి" అని ఉంది.

ఒక వేలు ఇన్సర్ట్ మీద, ఒక వేలు ఎస్ మీద పెట్టింది. నొక్కింది. "మాట" అంది కంప్యూటర్.

"అక్కా!" అని అరిచింది. నెకెసా పరుగెత్తుకొచ్చేసరికి చెల్లెలు ఏడుస్తోంది. "మాట్లాడుతోందిగా, మరి ఏడుపెందుకే?" అంది.

నంబోజో అప్పటికప్పుడు గ్రూపుకు రాసింది. తప్పు తనదని, తనకు దారి చూపింది ఓకెచో గారేనని, చిలక అన్నవాళ్లు ఆ మాట వెనక్కి తీసుకోవాలని. పంపిన రెండు నిమిషాలకు టీచర్ కబురు పెట్టింది: ఓకెచో మధ్యాహ్నమే గ్రూపులోంచి తప్పుకున్నాడు. నంబోజో ఆయన చిరునామా అడిగి తీసుకుని, విడిగా మరో పెద్ద ఉత్తరం రాసింది. జవాబు రాలేదు.

గురువారం పరీక్ష గదిలో మిగతా ముగ్గురి మీటలూ వానలా చప్పుడు చేస్తుంటే ఆమె కుడి చెయ్యి ఇన్సర్ట్ దరిదాపుల్లోకి పోకుండా బిగబట్టుకుంది. రెండు ఉత్తరాలకు నిబ్బరంగా జవాబు రాసింది. మూడోది సగంలో ఉండగా వేళ అయిపోయింది. బయటికొస్తూ ఉద్యోగం సంగతి కాకుండా టొరోరో నుంచి జవాబు వచ్చిందేమోనని ఫోన్ తీసింది. లేదు. శుక్రవారం సంఘం వాళ్లు మూడు నెలలు చూసి ఖాయం చేస్తామని పిలిచి చెప్పారు. నెకెసా కోడిని కోసింది. నంబోజోకు ముద్ద దిగలేదు.

ఆదివారం ఉత్తరం వచ్చింది. ఆమె మాటల కింద ఆయన మాటలు.

క్షమించమన్న పేరా కింద: "మీ క్షమాపణ చదవడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. ఈసారి పొట్టిగా రాయండి."

గ్రూపులోకి తిరిగి రమ్మన్న వరుస కింద: "ఇప్పుడే రాలేను. ఆ చిలక మాట ఇంకా వేలికి గుచ్చుకుంటోంది. టీచర్ నియమం మారిస్తే చూద్దాం."

రేపు పరీక్ష రాస్తున్నానన్న వరుస కింద: "ఏమైంది? ఇది మాత్రం వెంటనే చెప్పాలి."

నంబోజో మిగతాదంతా కత్తిరించి ఆ ఒక్క ప్రశ్న ఉంచింది. దాని కింద "మూడు నెలలు చూస్తామన్నారు. రేపటి నుంచి పని" అని రాసింది. ఇంకేమైనా చేర్చాలా అని చాలాసేపు ఆలోచించి, ఏమీ చేర్చకుండా పంపింది.